అదును, పదును, అక్కడి సాలు

(మొన్న ఆదివారం రైతుల కలయికలో చేసిన ప్రసంగం. రాలేనివాళ్ల కోసం ఫోన్ రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డోళ్లు ముందుకొచ్చి కూర్చోండప్పా, ఇక్కడ ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఏ మీటింగులో చూడండి, ముందు వరస ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే ముందు కూర్చుంటే మధ్యలో లేచిపోయేదానికి కాదు, అంతే కదా. రండి రండి, నేను ఎక్కువసేపు మాట్లాడను. ఇట్లా అన్నవాళ్లే ఎక్కువసేపు మాట్లాడతారు అని మీకూ తెలుసు, సరే.

నాకిచ్చిన టాపిక్ ఏందంటే సంప్రదాయ వ్యవసాయ జ్ఞానం, సుస్థిర వ్యవసాయం. పెద్ద పెద్ద మాటలు. మా నాయన బతికుంటే సుస్థిరం అంటే ఏందిరా అని అడుగుతాడు. నేను ఏదో చెప్తాను, నేల, నీళ్లు, పర్యావరణం, రాబోయే తరాలు అని. అంతా విని, అంటే వచ్చే ఏడు కూడా మడక కట్టేదానికి రైతు మిగిలుండాల, అంతేనా, అంటాడు. అంతే. నేను ఈరోజు చెప్పేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది, వచ్చే ఏడు కూడా రైతు మిగిలుండాల.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. పాత పద్ధతి అనగానే ఇప్పుడు అందరి కళ్ల ముందర ఏం కనపడుతుంది? నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. జీవామృతం. నేనూ చేస్తాను, నా చేలో వాడతాను, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ అది మా తాతల పద్ధతి అంటే మాత్రం ఒప్పుకోను. మా ఇంట్లో బెల్లం పండగకొస్తే వచ్చేది, మా అవ్వ దాన్ని ఉట్టి మీద పెట్టి మాకందకుండా దాచేది, అట్లాంటి బెల్లాన్ని తీసుకెళ్లి పేడలో కలుపుతానంటే మా అవ్వ ఊరుకునేదా? కలిపినోడిని కూడా ఆ డ్రమ్ములోనే ముంచేది.

నవ్వుకోండి గానీ విషయం ఏమంటే, పాత జ్ఞానం అంటే మనం రెసిపీ అనుకుంటున్నాం. ఏం కలపాల, ఎంత కలపాల, ఎన్ని రోజులు ఊరబెట్టాల. అది కాదు. నాకర్థమైంది ఏందంటే, మన మెట్టసేద్యంలో పాతవాళ్లు ప్రతి పనీ ఒక్క ప్రశ్న వేసుకుని చేశారు. ఈ ఏడు వాన రాకపోతే ఏంది? వస్తే ఏంది అని కాదు, రాకపోతే ఏంది. మేమందరం, అంటే నాలాగా చదువుకుని జీతాలు తీసుకుని ఊళ్లు తిరిగి సలహాలు చెప్పినవాళ్లం, మంచి ఏడాదికి సలహా చెప్పాం. వాళ్లు చెడ్డ ఏడాదికి సేద్యం కట్టుకున్నారు. తేడా అంతా అక్కడుంది.

మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో చెడ్డ ఏడాది అంటే పెద్ద వింతేం కాదు కదా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. తక్కువ వానలో దేశంలో జైసల్మేరు తర్వాత మనమే అని, అది నిజం కాకపోయినా, స్కూల్లో చెప్పించుకుని గర్వంగా రాసినవాళ్లం మనం, ఏదో ర్యాంకు వచ్చినట్టు. పడమటి కనుమలకు ఇవతల ఉన్నాం కాబట్టి నైరుతి రుతుపవనం మన దగ్గరికి వచ్చేసరికి చేతులు దులుపుకుని వస్తుంది. ఈశాన్యం వచ్చేసరికి సముద్రం దూరం. రెండు పెళ్లిళ్లకీ పిలుపు అందీ అందనట్టు ఉంటుంది మన సంగతి. అందుకే మన దగ్గర ఎక్కువ వాన జూన్‌లో కాదు, సెప్టెంబరులో పడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

కార్తెల గురించి చెప్పాల. పిల్లలు కొంతమంది కనపడుతున్నారు, మీకు కార్తెలు ఎన్నో తెలుసా? 27. తెలుగు నెలలేమో చంద్రుణ్ని పట్టుకుని నడుస్తాయి, అందుకే ఉగాది ఒక ఏడు మార్చిలో ఒక ఏడు ఏప్రిల్‌లో వస్తుంది, మూడేళ్లకోసారి అధిక మాసం వచ్చి పడుతుంది. చంద్రుణ్ని నమ్ముకుని విత్తనం వేస్తే నెల తప్పిపోతుంది. కార్తెలు అట్లా కాదు, సూర్యుణ్ని పట్టుకుని నడుస్తాయి. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. 365 రోజుల్ని 27తో భాగిస్తే ఒక్కోటి 13, 14 రోజులు. అందుకే మృగశిర ఎప్పుడు చూసినా జూన్ 7నో 8నో వస్తుంది, ఆరుద్ర జూన్ 21, 22. ఆలోచించండి, ఒకే ఊళ్లో పండగలకు ఒక క్యాలెండరు, సేద్యానికి ఇంకో క్యాలెండరు. దేవుడి లెక్క వేరు, చేను లెక్క వేరు. అక్షరం రానివాళ్లు పెట్టుకున్నారు ఈ ఏర్పాటు.

సామెతలు కూడా అంతే. ఆరుద్రలో అడ్డెడు చల్లితే పుట్టెడు పండుతాయి అంటారు, మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది అంటారు. బాగుంటాయి వినేదానికి. కానీ మన దగ్గర మృగశిరను నమ్ముకుని శెనక్కాయ వేస్తే ముసలి ఎద్దు కాదు, మనం అరవాల. ఇక్కడ శెనక్కాయ విత్తు పునర్వసు, పుష్యమి, అంటే జూలైలోనే బాగా కుదురుతుంది. సామెత ఏ నేల మీద పుట్టిందో ఆ నేలకే సరిపోతుంది, పక్క జిల్లా సామెత అరువు తెచ్చుకోకూడదు. మనకు మాత్రం మన సామెత ఒకటుంది. ఉత్తర చూసి ఎత్తర గంప. తెలుసు కదా పెద్దోళ్లకి? ఉత్తర కార్తె సెప్టెంబరు 13 ప్రాంతంలో వస్తుంది. దాంట్లో కూడా వాన లేకపోతే ఇంక ఈ ఏడు పని అయిపోయింది, గంప ఎత్తుకుని వలస పో, అని. ఎంత కఠినంగా ఉందో చూడండి. ఓదార్పు లేదు, ఆశ పెట్టడం లేదు. ఇంతవరకు చూడు, ఇది దాటితే చూడబాకు. మన వాతావరణ కేంద్రాలు చెప్పే ముందస్తు సూచన ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. వాన వస్తుందా రాదా అనేది ఇది చెప్పదు, ఎప్పటికి నిర్ణయం తీసుకోవాలో చెబుతుంది. నాకైతే రెండోదే ఎక్కువ పనికొచ్చేదిగా కనపడుతుంది.

అదును, అంటే ఎప్పుడు విత్తాలనేది అయిపోయింది, ఇంక పదును, అంటే విత్తేదానికి నేలలో ఉండాల్సిన తడి గురించి చెప్తా. వాన పడింది, విత్తాలా వద్దా? మా ఇంటి ముందర రోలు ఉండేది, అదే మా రెయిన్ గేజి. రోట్లో నీళ్లు ఎంత నిలిచాయో చూసి దుక్కి వానో పదును వానో చెప్పేవాడు మా నాయన. తర్వాత చెప్పులు విడిచి చేలోకి నడిచేవాడు. మడమ ఎంత దిగుతుందో చూసేవాడు. గుప్పెడు మట్టి తీసి ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదిలేవాడు. ముద్ద అట్లే ఉంటే తడి ఎక్కువైంది, ఇంకా ఆగాల. ముద్దే కట్టకపోతే తడి చాలలేదు. కింద పడి మూడు నాలుగు ముక్కలైతే పదును. నేను అగ్రికల్చర్ డిగ్రీలో సాయిల్ మాయిశ్చర్ గురించి రెండు సెమిస్టర్లు చదివి వచ్చి, సెలవుల్లో ఇంటికొచ్చి, ఆ ముద్ద వదిలి నాయనా ఇది పదునే అన్నాను. ఆయన చూడనుకూడా చూడలేదు, పై మట్టి తీసినావు, ఒక జానెడు కింద మట్టి తీసి చూడు అన్నాడు. తీస్తే పొడి. అప్పుడు వేసుంటే గింజ మొలకెత్తి నాలుగు రోజులకు మాడిపోయేది. ఆ జానెడు లోతు మా సిలబస్‌లో ఉండే ఉంటుంది, నేనే ఆ రోజు క్లాసుకు పోలేదేమో.

ఇంక అసలు విషయం. అక్కడి సాలు. మీలో కొంతమంది అక్కిడి సాళ్లు అంటారు, కన్నడం వైపు కూడా ఇదే మాట ఉంది, మనకూ వాళ్లకూ పొలం గట్టే కదా అడ్డం. గొర్రుతో, అంటే ఎద్దులు లాగే విత్తే పనిముట్టుతో విత్తేటప్పుడు, దాని మీదుండే జడ్డిగం గిన్నెలో పోసేది అసలు పంట. గొర్రు వెనకాల ఒక వెదురు గొట్టం తాడుతో కట్టుకుని లాక్కుంటా పోతారు, దాంట్లో చేత్తో గింజలు వదిలేది వేరే మనిషి, ఎక్కువగా ఆడమనిషి. ఏడు సాళ్లకో పదకొండు సాళ్లకో ఒక సాలు అట్లా రకరకాలు కలిపిన గింజ పడుతుంది, అదే అక్కడి సాలు. మా ఇంట్లో ఆ గొట్టం మా అమ్మ చేతిలో ఉండేది.

విత్తే ముందు రోజు రాత్రి మా అమ్మ చేట ముందర పెట్టుకుని కూర్చునేది. కందులు ఎక్కువ. అనుములు కొన్ని. అలసందలు ఇంకా తక్కువ. జొన్నలు చారెడు. ఆముదాలు లెక్కపెట్టినట్టు. గోగు విత్తనాలు చిటికెడు. నువ్వులు వేస్తే వాటిని ముందు ఇసకలో కలిపి పెట్టేది, లేకపోతే అన్నీ ఒకేచోట జారిపోతాయి. నేను చిన్నప్పుడు అలసందలు ఇష్టమని ఇంకో గుప్పెడు వేస్తే చెయ్యి మీద కొట్టింది. తీగ పారి కందిని కప్పేస్తుంది రా, అది ఎండకు మొహం చూపించకపోతే పెరుగుతుందా అంది. ఇప్పుడు మనం ఇంటర్ క్రాపింగ్‌లో లైట్ కాంపిటీషన్ అని పేపర్లు రాస్తాం. ఆ చేటలో ఉన్నది అదే, కొలతతో సహా.

ఎందుకు ఇంత చాకిరీ? ఒక్కో గింజకు ఒక్కో టైము. కొర్ర 85, 90 రోజుల్లో చేతికొస్తుంది. శెనక్కాయ 110 రోజుల వరకు. కంది సంక్రాంతి దాటే దాకా నిలబడుతుంది, తల్లివేరు లోతుకు పోతుంది, ఉత్తర, హస్త, చిత్త వానలన్నీ దానికే. శెనక్కాయకు పూత, ఊడ దిగడం, కాయ ఊరడం అంతా ఒక నెలన్నరలో. ఆ నెలన్నరలో సరిగ్గా వాన ఎగ్గొడితే చేనంతా ఒకేసారి పోతుంది. చేనంతా ఒకేసారి, వింటున్నారా? కలిపి వేసిన చేలో అట్లా కాదు. ఆగస్టు వాన తప్పితే శెనక్కాయ దెబ్బతింటుంది, సెప్టెంబరు వాన కందిని కాపాడుతుంది. అదీ తప్పితే? పుబ్బ, ఉత్తరల్లో కాస్త తడి దొరికినా దున్ని ఉలవలు చల్లేది. ఉలవలూ పండకపోతే కనీసం పశువులకు మేతన్నా వస్తుంది. ఒక వాన తప్పితే ఒక పంట పోతుంది, ఇల్లంతా పోదు. మీకు ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చి చెప్పే పాలసీ ఇదే, కానీ ఇది ప్రీమియం కట్టకముందే, ఆఫీసు చుట్టూ తిరక్కముందే మా అమ్మ చేటలో ఉండింది.

ఇంకోటి చెప్తా, విత్తనం ఖర్చు. కొర్ర ఎకరాకు 2 కిలోలు చాలు. శెనక్కాయ విత్తులు ఎకరాకు 60 కిలోల దాకా పోస్తాం. వాన రాకపోతే కొర్రలో నువ్వు పోగొట్టుకున్నది 2 కిలోలు, ఆ గింజ కూడా ఇంట్లోదే. శెనక్కాయలో పోయింది 60 కిలోలు, అదీ అప్పు చేసి కొన్నది. రైతు ఎందుకు అప్పులపాలయ్యాడు అని సెమినార్లు పెడతాం కదా, ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి, సగం సెమినార్ అయిపోతుంది.

అయితే శెనక్కాయను తిట్టే మనిషిని కాదు నేను. ముందే చెప్తున్నా, కర్నూలోళ్లు బుడ్డలు అంటారు, ఏమన్నా అనుకోండి, నా కాలేజీ ఫీజు కట్టింది అవే. మా అక్క పెళ్లి చేసింది అవే. డబ్బు మొహం చూపించిన మొదటి పంట మాకు అది. 1983లో 2 రూపాయలకు కిలో బియ్యం వచ్చింది, మంచిదే, ఆకలి తీరింది. దాంతో కొర్రన్నం, జొన్నరొట్టె తినేవాళ్లు వరన్నంలోకి వచ్చారు. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ వచ్చింది, నూనెగింజలు పండించండి అని. ఒకవైపు కొర్రలు తినేవాళ్లు తగ్గారు, ఇంకోవైపు శెనక్కాయకు ధర, సబ్సిడీ విత్తనం. ఏ రైతయినా ఏం చేస్తాడు? ఈ జిల్లాలో శెనక్కాయ 7, 8 లక్షల హెక్టార్ల దాకా పోయింది. ఎటు చూసినా అదే. అప్పుడు ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, ట్రాక్టర్ గొర్రు వెనకాల వెదురు గొట్టం పట్టుకుని ఎవరు పరిగెడతారు? అక్కడి సాలు అట్లా పోయింది. ఎవరూ వద్దని పెద్ద మీటింగు పెట్టి తీర్మానం చేయలేదు.

తీర్మానం చేయలేదు అన్నా గానీ, నాలాంటివాళ్లం చెప్పాం. 31 ఏళ్లు ఊళ్లు తిరిగాను నేను. కొత్తల్లో నేను కూడా చెప్పాను, ఆ అడ్డదిడ్డం గింజలు తీసేయండి, పంట అంతా ఒకే ఎత్తులో ఉండాల, దిగుబడి పెరుగుతుంది అని. మా అన్నకు కూడా చెప్పాను. మా అన్న విన్నాడు, తమ్ముడు చదువుకున్నాడు కదా.

2000వ సంవత్సరం ఖరీఫ్ గుర్తుందా? శెనక్కాయలో మొవ్వు కుళ్లు, కాండం కుళ్లు అని చేలకు చేలు నల్లబడిపోయాయి. మొక్క చిగురు నల్లగా మాడి వేలాడేది, వారం పది రోజుల్లో చేను ఖాళీ. ఈ ఒక్క జిల్లాలోనే దాదాపు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతింది, నష్టం 300 కోట్ల పైన. మొదట్లో ఏందో కూడా తెలియలేదు. తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు, టొబాకో స్ట్రీక్ వైరస్ అని. ఎక్కడి నుంచి వచ్చింది? వయ్యారిభామ. గట్ల మీద, బీళ్లలో, రోడ్ల పక్కన తెల్లగా పూసి ఉంటుందే, ఆ కలుపు మొక్క. దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకొచ్చి శెనక్కాయ ఆకు మీద వేస్తాయి, ఆకును గీకి రసం పీలుస్తాయి, ఆ గాటులోంచి వైరస్ లోపలికి పోతుంది. మరి విరుగుడు ఏం చెప్పారు? వయ్యారిభామ పూత రాకముందే పీకండి. చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగైదు వరసలు ఒత్తుగా వేయండి, గాలికి కొట్టుకొచ్చే పురుగుకి అడ్డం పడుతుంది. మధ్యమధ్యలో కంది, సజ్జ సాళ్లు వేయండి.

ఆ సర్క్యులర్ నేనే పట్టుకుని ఊళ్లోకి పోయాను. మా అన్న చేను గట్టు మీద నిలబడి చదివాను, చుట్టూ జొన్న, మధ్యలో కంది సాళ్లు. మా అమ్మ పక్కనే ఉంది, అప్పటికి పెద్దదైపోయింది. ఏమీ అనలేదు. నల్లగా మాడిన చేనుకేసి చూసి, గొట్టం అటక మీద ఉందో ఎలుకలు కొరికినాయో అంది. అంతే అంది. నన్ను తిట్టుంటే బాగుండేది.

సరే. మనసు పాడు చేసుకోవద్దు, ఇంకో విషయానికి పోదాం. పాతర. పాత ఇళ్లల్లో గుంతలు ఉండేవి కదా, జొన్నల పాతర. మనిషి దిగేంత లోతు, లోపల జొన్న చొప్ప, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి వేసి మట్టితో మూసి అలికేసేది. రెండేళ్లు, మూడేళ్లు గింజ నిలిచేది. తెరిచిన రోజు మాత్రం ఎవర్నీ వెంటనే దిగనిచ్చేవాళ్లు కాదు. మూత తీసి ఒక పూట ఆరబెట్టి, దీపం తాడుకు కట్టి లోపలికి దించేవాళ్లు. దీపం ఆరిపోతే ఆగాల. చిన్నప్పుడు మాకు లోపల దెయ్యం ఊదుతుంది అని చెప్పారు, నమ్మాం. అసలు సంగతి ఏందంటే గింజ కూడా ఊపిరి పీలుస్తుంది, పురుగూ పీలుస్తుంది, మూసిన గుంతలో ఆక్సిజన్ అయిపోయి కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది, పురుగు చచ్చిపోతుంది, గింజ మిగులుతుంది. మందు లేదు, మాత్ర లేదు. ఇప్పుడు గాలి చొరబడని సంచులు అమ్ముతున్నారు, అదే సూత్రం, మంచి సంచులే, వాడండి, గుంతలు తవ్వమని నేను చెప్పడం లేదు. పాతర తవ్వాల్సిన పని లేదు, పాతర వెనకున్న ఆలోచన తీసుకోవాల. మూడేళ్ల గింజ ఎందుకు దాచుకున్నారు? ఒక ఏడు పండదు అని తెలుసు కాబట్టి. మళ్లీ అదే ప్రశ్న, రాకపోతే ఏంది.

గొర్రెల మంద గురించి కూడా ఒక్క ముక్క, మీకందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా చెప్తా. ఎండాకాలం మంద తోలించుకుని రాత్రిళ్లు చేలో నిలిపితే ఎరువూ పడుతుంది, మూత్రమూ పడుతుంది, బండికెత్తి తోలే పని లేదు. గొర్రెల కాపరికి గింజలు కొలిచేవాళ్లు. వాళ్లకు మేత, మనకు ఎరువు. ఇప్పుడు మందలు రోడ్డెక్కితే హారన్ కొడుతున్నాం.

చెరువుల సంగతి వచ్చింది కాబట్టి, రాలేదా? నేనే తెస్తున్నాను లెండి, దారి తప్పినా పర్లేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర ఒక శాసనం ఉంది, 1369 నాటిది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని కూడా అంటారు, ఆయన కట్టించిన చెరువు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లకు వంద బండ్లు, రెండేళ్లు పట్టింది అని రాయించాడు. అది గొప్ప కాదు, గొప్పలు అందరు రాజులూ రాయిస్తారు. మంచి చెరువుకు 12 అంగాలు, చెరువుకు 6 దోషాలు అని వరసగా చెక్కించాడు. గట్టిగా ఉన్న నేల, తీపి నీళ్ల ఏరు, కట్టకు ఆనుకునేదానికి కొండలు, దగ్గర్లో రాళ్ల గని, చేతనైన పనివాళ్లు, ఇట్లా. దోషాల్లో ఏమున్నాయి? కట్ట కారడం, చవుడు నేల, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. ఇంకో దోషం వినండి, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. 650 ఏళ్ల కిందట రాయి మీద చెక్కించాడు మహానుభావుడు. మనం రాయి చదవలేదు, రాష్ట్రాల నీళ్ల తగాదాల కోర్టు కాగితాలు చదువుకుంటున్నాం.

నేనెందుకు చెప్పానంటే, ఆయకట్టు ఎంతో నీళ్లు అంతే ఉండాలని లెక్క వేశారు. ఎండాకాలం చెరువు ఎండితే ఒండ్రు మట్టి బండ్లతో మెట్ట చేలకు తోలేవాళ్లు. చెరువు లోతూ అయ్యేది, చేనూ బలపడేది. ఒకటి పూడిక, ఒకటి ఎరువు, మట్టి మాత్రం ఒకటే.

ఇప్పుడు మీరు అడగొచ్చు, అంతా అంత బాగుంటే మరి కరువులెందుకు వచ్చాయి అని. అడగాల. నేనే అడుగుతున్నా. 1876-78 కరువు, మన వైపు ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరం కాబట్టి. ఊళ్లకు ఊళ్లు పోయాయి. అప్పుడు రసాయన ఎరువు లేదు, ట్రాక్టర్ లేదు, అక్కడి సాళ్లు ఉన్నాయి, పాతర్లు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. అయినా పోయారు. రెండేళ్లు వరసగా వాన పోతే, పాతర్లో గింజ అయిపోతే, పన్ను కట్టమని తెల్లోడు నెత్తి మీద కూర్చుంటే ఏ జ్ఞానం ఆదుకుంటుంది? అందుకే పాతదంతా బంగారం అనేవాళ్లని చూస్తే నాకు భయం. ఒక చెడ్డ ఏడాదికి ఆ ఏర్పాటు సరిపోయేది, వరసగా వచ్చిన వాటికి సరిపోలేదు. ఇంకా చెప్పాలంటే ఆ సేద్యం నడిచింది ఎవరి వీపు మీద? పాలేర్ల మీద, ఆడవాళ్ల మీద. కొర్ర దంచి దంచి మా అవ్వ అరచేతులు కాయలు కాసేవి. రోకలి దగ్గరికి మళ్లీ పోదాం అని మగవాళ్లు మాత్రమే అంటారు, గమనించారా?

ఒక్కరోజులో అంతా మానేయండి అని కూడా చెప్పను. శ్రీలంకలో 2021లో రసాయన ఎరువులు ఒక్క దెబ్బకు నిషేధించారు, ఆరేడు నెలలకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, ఈలోపు వరి, టీ రెండూ దెబ్బతిన్నాయి. నేల అలవాటు పడేదానికి టైము కావాల. మనిషి కాఫీ మానేదానికే తలనొప్పి వస్తుంది, నేలకు రాదా?

అయితే ఇప్పుడు జరుగుతున్నది ఒకటి మీరు చూస్తున్నారు. 2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం నడుస్తా ఉంది, లక్షల మంది రైతులు వచ్చారు, 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది, పోర్చుగల్ వాళ్లది. బహుమతి అట్లుంచండి. నాకు నచ్చింది ఏందంటే వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం. గింజలకు బంకమన్ను, బూడిద, ఘనజీవామృతం పట్టించి, ఆరబెట్టి చల్లితే, చిన్న జల్లుకు మోసపోయి మొలవదు, మంచి వాన పడితేనే లేస్తుంది. తొమ్మిది రకాలు, పదిహేను రకాలు, కొందరు ముప్పై దాకా వేస్తున్నారు. నేల ఎండకు బట్టలేకుండా ఉండదు. మా అమ్మ చేటే ఇది, కాస్త పెద్ద చేట. పేరు ఇంగ్లీషులో ప్రీ మాన్‌సూన్ డ్రై సోయింగ్ అని పెట్టారు అంతే.

కష్టాలు లేవా? ఉన్నాయి, దాచను. నా ఆరెకరాల్లో మూడేళ్ల కిందట మళ్లీ అక్కడి సాళ్లు పెట్టాను. పంట నమోదుకు వచ్చిన అబ్బాయి చేను చూసి, సార్, ఇందులో పంట ఏది అని అడిగాడు. అన్నీ పంటే నాయనా అన్నాను. ఒకటి చెప్పండి సార్, ఇక్కడ ఒకటే పడుతుంది అన్నాడు, ఫోన్ చూపించి. మంచి పిల్లోడే, వాడి తప్పేం లేదు. కోతలు కూడా కష్టం, ఒక్కోటి ఒక్కోసారి కోయాల, కూలీలు దొరకరు, మిషన్ దిగదు. వచ్చింది కూడా అయిదు సంచులు ఇది, మూడు సంచులు అది, మార్కెట్టుకు తీసుకెళితే వ్యాపారి మొహం అదోలా పెడతాడు. ఇవి తీరకుండా రైతుని పాత పద్ధతికి రా అంటే ఎట్లా వస్తాడు? అయితే ఒక మాట, పోయినేడు ఆగస్టులో మా వైపు వాన ఎగ్గొట్టింది. శెనక్కాయ నాకూ సగమే, పక్కోళ్లకూ సగమే. సంక్రాంతికి నా చేలో కంది కొట్టాను, పక్క చేలో ఏమీ లేదు. లాభం అనను. అప్పు మాత్రం చేయలేదు.

టైము అయిపోయిందని చెయ్యి ఊపుతున్నారు, చూశాను, చూశాను. గుమ్మం దగ్గర బల్ల మీద చిన్న చిన్న గుడ్డ మూటలు పెట్టాం. కంది, అనుము, జొన్న, గోగు, ఆముదం కలిపి ఉన్నాయి, ఒక్కో మూట అరెకరానికి వస్తుంది. అలసందలు విడిగా పొట్లంలో ఉన్నాయి, మీ చేనును బట్టి మీరే కలుపుకోండి, ఎక్కువ వేయొద్దు. నువ్వులు కూడా విడిగా ఉన్నాయి, వాటికి ఇసక నేను కలపలేదు, మోసేదానికి బరువని. ఇంటికి పోయి గుర్తుగా కలుపుకోండి. ఆ వెదురు గొట్టం చూడాలనుకున్నోళ్లు, అది కూడా అక్కడే గోడకు ఆనించి ఉంది, ఎలుకలు ఒకవైపు కొరికినాయి గానీ పనిచేస్తుంది.